కమిషనర్ గారి లివరూ, పులిమెట్ట బిందెలూ

మా కమిషనర్ గారికి లివరు ఉందన్న సంగతి మొన్న ఫిబ్రవరి దాకా మాకెవరికీ తెలియదు. ఆయనకూ తెలిసినట్టు లేదు. గ్యాసు నొప్పి అనుకుని కడుపు స్కానింగ్ చేయించుకుంటే అందులో కనబడింది. కనబడటమే కాదు, దానికి కొవ్వు పట్టిందని కూడా తేలింది.

మాది దిబ్బవలస పురపాలక సంఘం. నేను నీటి సరఫరా విభాగంలో సూపరింటెండెంటుని, పేరు బెహరా. నీటి సరఫరా అని బోర్డు ఉంది గానీ మేం ఎక్కువగా సరఫరా చేసేది సమాధానాలు. వాటికి ఎండాకాలంలో కూడా ఎద్దడి రాదు.

మా ఆఫీసులో తాతలనాటి ఆచారం ఒకటుంది. పై అధికారికి ఏ జబ్బుంటే కిందివాళ్ళం అందరం అదే తెచ్చుకుంటాం. పాత కమిషనర్ గారికి మోకాళ్ళ నొప్పులు. ఆయన ఉన్నన్నాళ్ళూ రెవెన్యూ విభాగం మొత్తం కుంటింది. ఆయన బదిలీ అయిన సాయంత్రానికి అందరి మోకాళ్ళూ నయమయ్యాయి. అంతకు ముందాయనకు నిద్రపట్టని జబ్బు. అప్పుడు మాత్రం మా వాళ్ళు చాలా అవస్థ పడ్డారు, ఎందుకంటే ఆఫీసులో మెలకువగా ఉండడం ఎవరికీ అలవాటు లేదు.

ఇప్పటి కమిషనర్ త్రినాథ పట్నాయక్ గారికి ఫ్యాటీ లివరు అని తెలిసిన మర్నాడే అత్యవసర సమావేశం పెట్టారు.

"హెల్త్ ఆఫీసరు గారూ, విషయం సభ్యులకు విశదీకరించండి" అన్నారు.

హెల్త్ ఆఫీసరు డాక్టరు జలంధర్ లేచి నిలబడ్డారు. మంచివాడే గానీ ఎదురుగా పై అధికారి ఉంటే ఆయన వైద్యం కాస్త పల్చబడుతుంది.

"మనం తిన్నది చక్కెరగా మారి రక్తంలోకి వస్తుంది. అప్పుడు ఇన్సులిన్ వెళ్ళి లివరు తలుపు తడుతుంది. 'బయట చక్కెర చాలా ఉంది, నువ్వు తయారుచేసింది చాలు, ఉన్నది దాచిపెట్టు' అని చెబుతుంది. మామూలు లివరు వింటుంది. కొవ్వు పట్టిన లివరు వినదు. అప్పుడు ఒంట్లోంచి ఇంకాస్త ఇన్సులిన్ వస్తుంది, ఇంకా గట్టిగా తడుతుంది. అయినా వినదు. ఆ వినే గుణాన్నే ఇన్సులిన్ సెన్సిటివిటీ అంటారు."

"అంటే రిమైండర్ మీద రిమైండర్ వచ్చినా ఫైలు కదలనట్టు అన్నమాట" అన్నాను. నేను సరదాకే అన్నాను. కానీ ఎవరూ నవ్వలేదు. జబ్బు ఎంత ముదురుదో అప్పుడే అందరికీ అర్థమైనట్టుంది.

"దీనికి మందు?" అన్నారు కమిషనర్ గారు.

"బరువు తగ్గాలి సార్. తిండి తగ్గాలి, ఒళ్ళు కదలాలి. కండ పనిచేస్తే ఇన్సులిన్ మాట మళ్ళీ వినబడుతుంది."

ఆ వారంలోనే సిబ్బందికంతా స్కానింగ్ చేశారు. ఇంచుమించు అందరికీ ఫ్యాటీ లివరే. ఆచారం ప్రకారం తెచ్చుకోవలసిన అవసరం లేకుండా అది ముందే వచ్చి కూర్చుంది. అందరికంటే పెద్ద లివరు ఇంజనీరు పేరిశాస్త్రి గారిది. ఆయన్ని కమిషనర్ గారు భుజం తట్టి పక్కన కూర్చోబెట్టుకున్నారు. అకౌంటెంటు సోమయాజులుకి మాత్రం లివరు శుభ్రంగా ఉందని వచ్చింది. పాపం ఆయన రెండు రోజులు ఎవరికీ మొహం చూపించలేదు. తర్వాత పూటపూటా జిలేబీ పొట్లంతో కనబడేవాడు.

సోమవారం పొద్దున నోటీసు బోర్డు మీద ఉత్తర్వు వెలిసింది.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, కూర్చొనుట లివరునకు హానికరమని నిర్ధారణ అయినందున కార్యాలయమందలి కుర్చీలన్నియు తక్షణమే స్టోర్సునకు అప్పగించవలెను. అధికారులు ప్రాంగణము చుట్టూ నడుచుచు విధులు నిర్వర్తించవలెను. అర్జీదారులు సంబంధిత అధికారితో సమాన వేగముతో నడుచుచు తమ విన్నపములు వినిపించుకొనవలెను."

సోమవారం అర్జీల రోజు. పులిమెట్ట కాలనీ నుంచి అప్పలనరసమ్మ వచ్చింది. ఆవిడ ప్రతి సోమవారం వస్తుంది. పులిమెట్ట అంటే ఊరి చివర కొండ. ఇళ్ళన్నీ పైన ఉంటాయి, కొళాయి కింద రోడ్డు పక్కన ఉంటుంది. ఆడవాళ్ళు పొద్దునా సాయంత్రం బిందెలు నెత్తికెత్తుకుని ఆ రాళ్ళ దారిలో ఎక్కుతారు. పైన ఒక్క కొళాయి వెయ్యమని ఆవిడ కోరిక. ప్రెషర్ చాలదు, నీళ్ళు అంత ఎత్తు ఎక్కవు అని పేరిశాస్త్రి గారి సమాధానం. ఏళ్ళ తరబడి ఆ కోరికా మారలేదు, ఈ సమాధానమూ మారలేదు.

ఈసారి మాత్రం ఆవిడ గొంతులో తొందర ఉంది.

"బాబూ, మా కోడలికి ఏడో నెల. మొన్న బిందితోటి జారి కూకుండిపోనాది. అమ్మోరి దయ, ఏటీ అవనేదు. పోనీ నానే మోద్దునంటే నా మెడ సూడండి, ఇటేపు తిరగదు. దానికి పురుడొచ్చీలోగా కొళాయి ఏసీండి బాబూ. మీకు పున్నెముంటాది."

"నాతో కాదమ్మా, ఇంజనీరు గారితో చెప్పాలి. ఆయన నడుస్తున్నారు, నువ్వూ నడువు" అన్నాను. నాకు సిగ్గుగానే ఉంది గానీ ఉత్తర్వు అలా ఉంది.

పేరిశాస్త్రి గారు అప్పుడే మలుపు తిరిగి వస్తున్నారు. అప్పలనరసమ్మ పక్కన చేరి చెప్పడం మొదలుపెట్టింది. సైకిల్ స్టాండు దాకా ఇద్దరూ కలిసి వెళ్ళారు. అక్కడ ఇంజనీరు గారు స్తంభం పట్టుకుని ఆగిపోయారు. ఆవిడ చెప్పుకుంటూ ముందుకు వెళ్ళిపోయింది. ఆఫీసంతా చుట్టి మళ్ళీ సైకిల్ స్టాండుకి వచ్చింది.

"బాబుగోరు ఇంకా ఇక్కడే ఉన్నారేటి?" అంది.

"ప్రె... ప్రెషర్... చాలదమ్మా" అన్నారు పేరిశాస్త్రి గారు. ఆ సమయంలో ఆయన ఎవరి ప్రెషర్ సంగతి చెబుతున్నారో మాకు స్పష్టంగా తెలియలేదు. ఇద్దరు అటెండర్లు మంచినీళ్ళు పట్టారు.

ఇదంతా డాక్టరు జలంధర్ వరండాలోంచి చూస్తున్నారు.

"ఏమమ్మా, నీకు ఆయాసం రాదా?"

"దేనికి బాబూ? బింది నేదు కదా" అంది ఆవిడ.

ఆ ముక్కే కొంప ముంచింది. డాక్టరు గారు పరుగున కమిషనర్ గారి దగ్గరికి పోయారు. మర్నాడు పులిమెట్ట మీద ప్రత్యేక ఇన్సులిన్ శిబిరం. ల్యాబు వాళ్ళు పరగడుపున ఆడవాళ్ళందరి రక్తమూ తీసుకున్నారు. కొళాయి కోసం వచ్చారనుకుని వాళ్ళూ చేతులు చాచారు.

రిపోర్టులు పట్టుకుని డాక్టరు గారు కమిషనర్ గారి గదిలోకి దూసుకొచ్చారు. "సార్, అద్భుతం. ఆ అప్పలనరసమ్మకి ఇన్సులిన్ ఇలా ఒక్కసారి తలుపు తడితే చాలు, లోపల లివరు లేచి నిలబడుతోంది. కాలనీకి కాలనీ అంతా ఇంతే. మన జిల్లాలో ఇలాంటి ఇన్సులిన్ సెన్సిటివిటీ ఎక్కడా ఉండదు."

"కారణం?"

"బిందె సార్."

కమిషనర్ గారు కళ్ళు మూసుకున్నారు. ఆయన కళ్ళు మూసుకుంటే ఎవరికో మూడిందని మాకు అనుభవం.

నిజం చెప్పొద్దూ, ఆ వారంలోనే నేను నానా తంటాలు పడి పులిమెట్ట కొళాయి ఫైలుని ఆయన బల్ల దాకా ఎక్కించాను. సంతకం ఒక్కటే తక్కువ. ఆయన కళ్ళు తెరిచి ఆ ఫైలు దగ్గరికి లాక్కుని సంతకానికి బదులు ఇలా రాశారు.

"సదరు కాలనీ ప్రజలు ప్రస్తుతము అనుభవించుచున్న ఉత్కృష్ట ఆరోగ్యమునకు నీటి మోతయే మూలకారణమని వైద్యపరముగా రుజువైనది. ఇట్టి తరుణములో వారి ముంగిట కొళాయి అమర్చుట వారి లివరునకు ద్రోహము చేయుటయే కాగలదు. కావున ప్రజారోగ్య రీత్యా ప్రతిపాదన తిరస్కరించడమైనది. కొళాయికి బదులు పులిమెట్టను ఆదర్శ ఇన్సులిన్ కాలనీగా ప్రకటించి బోర్డు ఏర్పాటు చేయవలెను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడో నెల పిల్ల ఆ రాళ్ళమీద బిందెతో ఎక్కుతుంటే దాన్ని ఆరోగ్యం అనడానికి నోరెలా వచ్చిందా అనిపించింది. ఒళ్ళు మండితే కొవ్వు కరుగుతుందా అని డాక్టరు గారిని అడిగాను. అలాంటి పరిశోధన ఏదీ తన దృష్టికి రాలేదన్నారు.

"మరి ఆవిడ మెడ సంగతేమిటండీ?"

"మెడ ఈ శిబిరం పరిధిలోకి రాదు బెహరా గారూ. మనది లివరు వరకే."

బోర్డు మాత్రం వెంటనే వచ్చింది. దాన్ని కొండమీదికి మోసింది కూడా కాలనీ వాళ్ళే. ఆ పని వల్ల వాళ్ళ ఇన్సులిన్ ఇంకొంచెం మెరుగైందని డాక్టరు గారు సంతోషించారు.

తర్వాత సన్మానం. కమిషనర్ గారు, అధికారులు, విలేకరులు అందరూ జీపుల్లో కొండ కిందకు వచ్చారు. పైకి ఎక్కడం కష్టమని కింద రోడ్డు మీదే షామియానా వేశారు. అప్పలనరసమ్మని వేదిక మీద నిలబెట్టి శాలువా కప్పారు. ఆదర్శ ఇన్సులిన్ మాత అని బిరుదు కూడా ఇచ్చారు. కోడలు మంగ కింద జనంలో నడుం పట్టుకుని నిలబడి ఉంది.

కమిషనర్ గారు మైకు అందుకున్నారు.

"అమ్మలారా, అక్కలారా! మేము ఏసీ గదుల్లో మగ్గి, లివరు పాడుచేసుకుని, ఇన్సులిన్ మొరపెట్టుకున్నా వినలేని దౌర్భాగ్యులం. మీరు అదృష్టవంతులు. తల్లీ అప్పలనరసమ్మా, నీ నెత్తి మీద ఉన్నది బిందె అనుకుంటున్నావు. కాదు. అది భాగ్యం. అలాంటి భాగ్యం నాకు దక్కితే నేను ఈ ఉద్యోగం కూడా వద్దనుకుంటాను!"

చప్పట్లు మోగాయి. పేరిశాస్త్రి గారు కూర్చున్న చోటి నుంచే కళ్ళు తుడుచుకున్నారు.

అప్పలనరసమ్మ మైకు దగ్గరికి వచ్చింది. "బాబూ, నాకు ఇవేటీ వొద్దు. మా మంగకి నెలలు నిండుతున్నాయి. కొళాయి ఇప్పించండి."

"అమ్మా, నీ మేలు నీకు తెలియడం లేదు. కొళాయి వస్తే ఆ భాగ్యం పోతుంది."

ఆవిడ కాసేపు ఆయన మొహంలోకి చూసింది. కోపంగా లేదు, ఎగతాళిగానూ లేదు. అంత గొప్ప వస్తువుని తను ఒక్కతే ఉంచుకోవడం బాగుండదు అన్నట్టు చూసింది.

"మరి మా భాగ్యం మీరూ కొంచిం తీసుకోండి బాబూ. పంచుకుంటే తరగదంట" అంది. శాలువా భుజాల మీంచి తీసి గిరగిరా మెలిపెట్టి చుట్టకుదురు చేసింది. దాన్ని కమిషనర్ గారి నెత్తిన పెట్టి, వేదిక పక్కన అలంకారంగా ఉంచిన నిండు బిందె ఎత్తి దాని మీద పెట్టేసింది. "వొద్దు వొద్దు, అటు ఒంగకండి. మెడ నిటారుగా ఉంచండి" అని గడ్డం సరిచేసింది కూడా.

కెమెరాలు టపటపా మోగాయి. ఇప్పుడే భాగ్యం అన్న దాన్ని ఇప్పుడే దించెయ్యమంటే బాగుండదు. కమిషనర్ గారు నవ్వారు. నవ్వితే బిందె కదులుతోందని ఆపేశారు.

అక్కడితో అయిపోయేదే. కానీ పత్రికల్లో ఫొటో చూసి రాజధాని నుంచి ఎవరో పెద్ద అధికారి ఫోను చేశారు. "వండర్‌ఫుల్ పట్నాయక్! ప్రజలతో మమేకం అంటే ఇదీ. ఇది ఒక్క రోజుతో ఆగకూడదు. మీ సిబ్బంది మొత్తం రోజూ నీళ్ళు మోస్తున్న ఫొటో నాకు పంపుతూ ఉండండి." కమిషనర్ గారు నిలబడే ఆ ఫోను మాట్లాడారు, కుర్చీలు లేవు గనక.

కొత్త ఉత్తర్వు వచ్చింది. "లివరు సంస్కరణలో భాగముగా సిబ్బంది యావన్మంది ప్రతి దినము ఉదయము పులిమెట్ట కాలనీకి బిందెలతో నీరు చేరవేయవలెను. కాలనీ మహిళలు శిక్షకులుగా వ్యవహరించవలెను. వారు ఎట్టి పరిస్థితులలోను బిందె ముట్టరాదు."

ఆ ఆఖరి వాక్యం నేను చేర్చాను. డ్రాఫ్టు రాసేది నేనే కదా.

మొదటి రోజు ఉత్సాహం చెప్పనలవి కాదు. అందరూ కొత్త బూట్లు వేసుకుని వచ్చారు. డాక్టరు గారు నాడి చూసి అందరినీ సాగనంపారు. కాలనీ ఆడవాళ్ళు దారి పొడుగునా బండల మీద కూర్చుని సలహాలు ఇచ్చారు.

"సోమయాజులు బాబూ, ఆ రాయి కదులుతాది, దాని మీద కాలెట్టకండి!"

"టౌన్ ప్లానింగు బాబు సూడండే, కులుకుతన్నాడు! నీళ్ళన్నీ సొక్కాలోకే పోతన్నాయి."

రెండో రోజుకి ఉత్సాహం సగానికి దిగింది. మూడో రోజు బిందెలు కూడా సగానికి దిగాయి. బిందె అనగా ఎంత పరిమాణము అన్న విషయమై రెవెన్యూ విభాగం స్పష్టత కోరింది. శానిటరీ ఇన్స్పెక్టరు మంచినీళ్ళ సీసా పట్టుకుని ఎక్కి, ఇది కూడా నీరే కదా అన్నాడు. శిక్షకులు ఒప్పుకోలేదు. పేరిశాస్త్రి గారు ఒక పూట ఖాళీ బిందెతో పైకి చేరారు.

"నీళ్ళేవి బాబూ?" అంది మంగ.

"ఎండకి ఆవిరైపోయాయమ్మా."

"అయితే మరొకపాలి ఎల్లి తెచ్చీండి. సల్లపూటే కదా" అంది ఆ పిల్ల. నెలలు నిండుతున్న మనిషితో వాదించడం మర్యాద కాదని ఆయన వెనక్కి దిగారు. నేను ఆయన వెనకే ఉన్నాను, నా బిందెతో.

సగం దారిలో ఆయన ఒక బండ మీద కూలబడ్డారు. ఎదురుగా చూస్తూ ఉండిపోయారు. ఆ తర్వాత నా చెయ్యి పట్టుకున్నారు.

"బెహరా గారూ, అదిగో, ఆ ఎదురు గుట్ట మీద ఉన్నది వాటర్ ట్యాంకేనా?"

"ట్యాంకేనండి."

"ఈ కాలనీ కంటే ఎత్తులో ఉన్నట్టుంది కదూ?"

"చాలా ఎత్తులో ఉందండి."

"అక్కణ్ణుంచి పైపు వేస్తే నీళ్ళు వాటంతట అవే వచ్చేస్తాయి కదండీ! ఎవరు కట్టించారది?"

"తమరేనండి."

ఆయన మొహం వెలిగిపోయింది. అంత వెలుగు నేను పదవీ విరమణ చేస్తున్న వాళ్ళ మొహాల్లో కూడా చూడలేదు. బిందె అక్కడే వదిలేసి లేచారు. ఆ మనిషి కొండ దిగిన వేగం చూస్తే ప్రెషర్ కొరత ఎక్కడా కనబడలేదు.

ఫైలు ఆ పూటే తయారైంది. అయితే ఒక చిక్కు వచ్చింది. కొళాయి ఆరోగ్యానికి హానికరమని కమిషనర్ గారు స్వయంగా రాసి ఉన్నారు. ఆయన రాసింది తప్పు అని రాయడానికి మా ఆఫీసులో ఎవరికీ అధికారం లేదు. అంతేకాక రాజధానికి రోజూ ఫొటో పోవాలి. కమిషనర్ గారు డాక్టరు గారిని పిలిపించారు. బిందెలు మోసి మోసి ఆయన కూడా మెడ పక్కకి తిప్పలేకపోతున్నారు.

"డాక్టరు గారూ, నిజం చెప్పండి. మా లివర్లు ఎలా ఉన్నాయి?"

"చాలా మెరుగు సార్. మీ లివరు కూడా మాట వినడం మొదలుపెట్టింది. ఇంకొన్నాళ్ళు మోస్తే..."

"ఇంకొన్నాళ్ళు మోస్తే అతిగా వినదూ? ఏదైనా అతి మంచిది కాదు కదా?"

డాక్టరు గారు కమిషనర్ గారి మొహం చూశారు. తర్వాత సొంత మెడ తడిమి చూసుకున్నారు.

"అతి ప్రమాదం సార్" అన్నారు.

సాయంత్రానికి ఉత్తర్వు సిద్ధం. "సిబ్బంది లివర్లు ఆశించిన దానికంటె మిక్కిలి విధేయముగా మారినందున, మరింత మెరుగుపడినచో పరిపాలనకు ఆటంకము కలుగు ప్రమాదమున్నది. కావున సదరు మెరుగుదలను అరికట్టుటకై పులిమెట్టపై యుద్ధ ప్రాతిపదికన కొళాయిలు ఏర్పాటు చేయవలెను." ఒక కొళాయి అడిగితే వీధికొకటి మంజూరైంది. ఒకటే అయితే అక్కడి నుంచి ఇళ్ళకు మొయ్యమని రాజధాని నుంచి మళ్ళీ ఫోను వస్తుందేమోనని భయం.

ఏళ్ళ తరబడి పైకి ఎక్కనన్న నీళ్ళు వారం తిరగకుండా ఎక్కాయి. మంగకి ఇంకా పురుడు రాలేదు. కొళాయి తిప్పింది ఆ పిల్లే. నీళ్ళు ముందు బురద బురదగా వచ్చి, తర్వాత తెల్లగా దూకాయి. అందరి కళ్ళూ తడిశాయి. నాకు కూడా, దాపరికమెందుకు. కమిషనర్ గారు ఉపన్యాసంలో ఈ కొళాయి తన చిరకాల స్వప్నమని చెప్పారు. ఆఫీసులో కుర్చీలు మర్నాడే వెనక్కి వచ్చాయి.

కొన్నాళ్ళకు ఆరోగ్య ప్రచారం కోసం డాక్టరు గారితో పాటు నేనూ మళ్ళీ పులిమెట్ట ఎక్కాను. ఇదివరకైతే అందరూ నీళ్ళకు దిగే వేళ అది. అప్పలనరసమ్మ గుమ్మంలో కాళ్ళు బారజాపుకుని, గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. ఒళ్ళో మనవరాలు నిద్రపోతోంది. పక్కన టీ గ్లాసు ఉంది.

డాక్టరు గారికి ప్రాణం ఒప్పలేదు.

"అమ్మా, ఇది చాలా తప్పు. ఇలా కూర్చుంటే నీకు కూడా ఫ్యాటీ లివరు వస్తుంది" అన్నారు.

ఆవిడ పసిదాన్ని లేవకుండా సర్దుకుని, టీ గుక్క తాగి, తాపీగా అంది.

"రానీండి బాబూ. ఇన్నాళ్ళకి మా ఇంటికి కూకోడం వొచ్చినాది. దాని ఎనకాల ఏటొస్తే అది రానీండి."